యొర్దానుకు ఇరువైపులా

(శతాబ్ది ఉత్సవముల సందర్భమున సంఘ పెద్దల సభలో చదివిన ప్రసంగ పాఠము)



ఈ సభలలో మన పాఠశాలలను గూర్చి, వైద్యశాలలను గూర్చి, తొలి దినములలో కాలినడకన గ్రామములు తిరిగిన బోధకులను గూర్చి పెద్దలు చక్కగా చెప్పియున్నారు. మాకు ఇచ్చిన అంశము ‘సంఘము – సమాజము’ అన్నది. అది చెరువంత అంశము. అందులో నుండి ఒక చెంబెడు నీళ్లు మాత్రమే ముంచుకొన్నాము: రాష్ట్ర విభజన విషయమై మన సంఘములలో సహోదరుడు సహోదరునితో మాటలాడలేకపోవుట. ఈ ప్రసంగము ఒక్కరు వ్రాసినది కాదు. మా పాస్టరేటు పెద్దలము తొమ్మిదిమందిమి కూర్చుండి సిద్ధపరచినాము. మాలో ఐదుగురు ఈ తెలంగాణ గ్రామములలో పుట్టినవారు. నలుగురు గుంటూరు, కృష్ణా జిల్లాలనుండి వచ్చిన కుటుంబములవారు. ఏ వాక్యము దగ్గర ఎవరు అభ్యంతరము చెప్పినదీ ఇక్కడ చెప్పము గాని, అభ్యంతరము లేకుండ దాటిన పేరా ఒక్కటి కూడ లేదు.

రాష్ట్రము 2014 జూన్ 2న రెండైనది గదా, ఉమ్మడి రాజధాని గడువు పదేండ్లు కూడ 2024 జూన్ 2తో ముగిసినది గదా, ఇప్పుడెందుకీ మాట అని కొందరు అడిగినారు. ఉద్యమము నడుచుచున్నప్పుడు ఎవరు నోరు తెరచినా, ఇతడు ఏ పక్షమో తేల్చుకొనుటకే విన్నారు. ఇప్పుడు కావలసినది అయిపోయినది. చెప్పువాడు దేనినీ సాధించవలసిన పని లేదు, వినువాడు దేనినీ పోగొట్టుకొనడు. అందుచేత ఇదే తగిన సమయమని మాకు తోచినది.

వేదములో యొర్దాను నది దగ్గర జరిగిన రెండు సంగతులు చూడుడి. మొదటిది యెహోషువ గ్రంథము 22వ అధ్యాయములో ఉన్నది. రూబేనీయులు, గాదీయులు, మనష్షే అర్ధగోత్రపువారు నదికి తూర్పున స్వాస్థ్యము పొంది, పోవుచు పోవుచు నది దగ్గర గొప్ప బలిపీఠము ఒకటి కట్టినారు. ఆ మాట వినగానే పడమటివారు షిలోహులో యుద్ధమునకు కూడినారు. అయితే కత్తి దూయకముందు ఫీనెహాసును, అతనితో పదిమంది ప్రధానులను పంపినారు. వచ్చినవారి మొదటి మాటలు మెత్తగా లేవు. పెయోరును, ఆకానును జ్ఞాపకము చేసి గట్టిగానే నిందించినారు. కాని ఆ నిందల నడుమ ఒక మాట కలదు: మీ దేశము అపవిత్రమని మీకు తోచినచో నది దాటి రండి, మా స్వాస్థ్యములో పాలు తీసికొనుడని. తూర్పువారు అప్పుడు తమ మనస్సు విప్పినారు. రేపు మీ పిల్లలు మా పిల్లలతో, యొర్దాను సరిహద్దు, మీకు యెహోవాలో పాలు లేదందురేమోయని భయపడి దీనిని కట్టినాము, బలులకు కాదు, సాక్ష్యమునకు అని చెప్పినారు. యుద్ధము తప్పినది. బలిపీఠమును ఎవరూ పడగొట్టలేదు.

రెండవది న్యాయాధిపతుల గ్రంథము 12వ అధ్యాయము. అవే గోత్రముల సంతానము, అదే నది. ఎఫ్రాయిమీయులు యెఫ్తా దగ్గరకు వచ్చి మమ్మును పిలువక యుద్ధమునకు ఎందుకు పోతివి, నీ ఇల్లు కాల్చెదమన్నారు. మేము పిలిచితిమి, మీరు రాలేదని అతడన్నాడు. గిలాదువారిని ఎఫ్రాయిమునుండి పారిపోయి వచ్చినవారని ఎత్తిపొడిచిన మాట కూడ అక్కడ కలదు. పిమ్మట గిలాదువారు రేవులు పట్టుకొని, దాటవచ్చిన ప్రతివానిచేత ‘షిబ్బోలెతు’ అనిపించి, ‘సిబ్బోలెతు’ అన్నవానిని చంపినారు. పడినవారు 42,000 మంది. చిత్రమేమనగా, దానికి ముందటి అధ్యాయములోనే ఇదే యెఫ్తా అన్యుడైన అమ్మోనీయుల రాజు దగ్గరకు రెండు మారులు దూతలను పంపి, మూడు వందల ఏండ్ల చరిత్ర ఓపికగా విప్పి చెప్పినాడు. పరాయివానికి అంత ఓపిక, ఇంటివానికి రెండు వాక్యములు. సొంతవానికి సంగతి ముందే తెలిసియుండవలెననియు, తెలిసియు కావలెనని చేసినాడనియు అనుకొనుటచేత కాబోలు.

మన సంగతికి వత్తము. మేము తొమ్మిదిమందిమి కూర్చున్నప్పుడు మొదట తేలినదేమనగా, ‘కూర్చుండి మాటలాడుకొందము రండి’ అన్న పిలుపే రెండు పక్షములకు రెండు విధములుగా వినబడుచున్నది. పిలుచువాడు దానిని మంచిమాట అనుకొనును. వినువానికి అది అట్లు ఉండనక్కర లేదు.

తెలంగాణ సహోదరుని వైపునుండి చూడుడి. 1955లో ఫజల్ అలీ కమిషన్ తెలంగాణమును వెంటనే ఆంధ్రలో కలుపవద్దనియు, 1961 ప్రాంతపు ఎన్నికల తరువాత అక్కడి శాసనసభలో మూడింట రెండు వంతులమంది కోరినచో కలుపవచ్చుననియు సూచించినది. అట్లు కాక, 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో పక్షమునకు నలుగురు చొప్పున ఎనిమిదిమంది నాయకులు కూర్చుండి ‘పెద్దమనుషుల ఒప్పందము’ వ్రాసికొన్నారు. ముఖ్యమంత్రి ఒక ప్రాంతమువాడైనచో ఉపముఖ్యమంత్రి రెండవ ప్రాంతమువాడు కావలెనన్నది అందులో ఒక మాట. అదే ఏడు నవంబరు 1న ఏర్పడిన మొదటి మంత్రివర్గములో ఉపముఖ్యమంత్రియే లేడు. 1969లో కొత్తగూడెము విద్యుత్ కేంద్రపు ఉద్యోగముల దగ్గర రగిలిన మంట హైదరాబాదు వరకు పోయినది. ఆ ఏడు చనిపోయినవారు 369 మంది అని తెలంగాణములో చెప్పుకొందురు. అప్పుడు అష్టసూత్రములన్నారు. 1973 సెప్టెంబరులో ఆరు సూత్రములన్నారు. 1975లో రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చినది. అది సరిగా అమలు కాలేదని 1985 డిసెంబరు 30న 610 నంబరు జీవో తెచ్చినారు. ఆ జీవో ఎందుకు అమలు కాలేదో విచారించుటకు 2001లో గిర్‌గ్లానీ కమిషన్ వేసినారు. ఒక కాగితము ఎందుకు జరగలేదో తెలిసికొనుటకు మరియొక కాగితము. ఇట్టి అనుభవము గలవానితో ‘తొందరపడకుము, మాటలాడుకొందము’ అనినచో అతనికి వినబడునది ‘మరి పదేండ్లు ఆగుము’ అనియే.

ఇక రెండవ వైపు. 1930ల్లో నిజాంసాగరు కాలువ క్రింద భూములు కొని క్యాంపులు కట్టుకొన్నవారి మనుమలు, మునిమనుమలు నిజామాబాదు ప్రాంతములో ఉన్నారు. సాగరు ఎడమ కాలువ క్రిందికి వచ్చినవారు, ఉద్యోగములకు వచ్చినవారు, పిల్లల చదువులకని వచ్చి హైదరాబాదులో నిలిచిపోయినవారు ఎందరో. వారికి సొంతూరిలో ఇల్లు పడిపోయినది, పొలము అన్నదమ్ముల పాలైనది. అట్టివానితో ‘మాటలాడుకొందము’ అన్నప్పుడు, ‘నీవు ఇక్కడ ఎందుకున్నావో చెప్పుకొనుము’ అని అతనికి వినబడినది. 2009 డిసెంబరు 9న ఒక ప్రకటన, 23న దానిని ఆపుచు మరియొక ప్రకటన. రెండు వారములలో రెండు వైపుల ఇండ్లలో నిద్ర పోయినది. రాష్ట్రము వచ్చిన తరువాత 2014 ఆగస్టు 19న సమగ్ర కుటుంబ సర్వే జరిగినప్పుడు, ఎన్యూమరేటరు ఇంటికి వచ్చి వివరములు వ్రాసికొనిపోవు ఆ ఒక్క దినమునకు ఎంతమంది భయపడినారో మన సంఘములలోనే ఎరుగుదుము. యొర్దాను తూర్పువారి భయము ఇదే గదా: రేపు మా పిల్లలను మీకు పాలు లేదందురేమో.

మరచిపోయిన సంగతి ఒకటి. 1972 అక్టోబరు 3న ముల్కీ నిబంధనలు చెల్లునని సుప్రీంకోర్టు చెప్పిన పిమ్మట, ‘మా రాష్ట్రము మాకిమ్ము’ అని లేచినది కోస్తా, రాయలసీమ జిల్లాలే. జై ఆంధ్ర ఉద్యమములో అక్కడ కూడ కాల్పులలో ప్రాణములు పోయినవి. 1973 జనవరిలో రాష్ట్రపతి పాలన వచ్చినది. 2009లో ‘విడిపోవుట పాపము’ అన్నవారిలో, 1972లో కాలేజీ మాని ‘విడదీయుము’ అని రైళ్లు ఆపినవారు లేకపోలేదు. దెప్పుటకు ఇది చెప్పుట లేదు. మాలో ఆ వయస్సు వారొకరు ఈ సంగతి తామే ఎత్తి, ఆనాడు మేము కూడ ఉద్యోగములను గూర్చియే అడిగినామన్నప్పుడు, గదిలో మొదటిసారిగా అందరును నవ్వినారు. ఎవరి భయము వారిది అనుకొన్నవారికి రెండు భయములకు ఒకే ముఖమున్నదని ఆ నవ్వులో తెలిసినది.

తరువాత పేర్ల సంగతి. ‘సెటిలర్’ అన్న మాట చెప్పువానికి ఉత్త గుర్తింపు. వినువానికి అది, నీవు ఎన్నటికి ఇక్కడివాడవు కావన్న తీర్పు. ‘వేర్పాటువాది’ అన్న మాట పత్రికలలో చదువుటకు బాగుగానే ఉండును. తన రాష్ట్రము తనకు కావలెనన్నవానికి అది దేశద్రోహి అనుటకు ఒక మెట్టు తక్కువ. ఎఫ్రాయిమునుండి పారిపోయి వచ్చినవారు అన్నదానికి, వీటికి ఎంతో దూరము లేదు.

యాసలో ఉన్న చిక్కు ఇంకను సున్నితమైనది. తెలంగాణ పల్లెలో పెద్దవానిని సైతము ‘నువ్వు’ అని పిలిచి, ఆ వెంటనే ‘అన్న’, ‘కాక’, ‘బాపు’ అని వరుస కలుపుదురు. గౌరవమంతయు ఆ వరుసలో ఉన్నది. డెల్టావారు ప్రతి వాక్యమునకు ‘అండి’ చేర్తురు. వారి మర్యాద ఆ ‘అండి’లో ఉన్నది. కాబట్టి గుంటూరు పెద్దాయనకు ‘నువ్వెప్పుడొచ్చినవు’ అన్నది అగౌరవముగా తగులును. తెలంగాణవానికి ‘ఎప్పుడొచ్చారండి’ అన్నది ఎడముగా, దూరము పెట్టినట్లుగా తోచును. ఇద్దరును మర్యాదగానే మాటలాడినారు, ఇద్దరును నొచ్చుకొన్నారు. దీనికి తోడు ఏండ్ల తరబడి సినిమాలలో ఈ యాస రౌడీకి, పనిమనిషికి, హాస్యగానికి ఇచ్చినారు. నాయకుడు మాత్రము కృష్ణా జిల్లా తెలుగు మాటలాడవలెను. ఇట్లుండగా బల్లమీద ఉన్న అంశము నీళ్లా, ఉద్యోగములా అన్నది పిమ్మట సంగతి; నోరు విప్పగానే ‘సిబ్బోలెతు’ అయినది.

ఒక మాట అడ్డుగా చెప్పనిండు. మనము చేతపట్టుకొని పాడు కీర్తనల పుస్తకము పేరు ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’. శ్రీకాకుళములో పాడినను, మెదక్ గుడిలో పాడినను అదే పుస్తకము. ఆ పేరు పెట్టిన కాలములో ఆంధ్రము అనగా తెలుగు అనియే అర్థము. ఉద్యమము వేడిలో ఆ అట్టను చూచి మొగము చిట్లించినవారుండిరి, నిజమే. పురుషోత్తమ చౌదరిగారి కీర్తన మొదలుపెట్టగానే పాడనివారు మాత్రము మాకు కనబడలేదు.

మరి సంఘము ఏమి చేసినది? ఆ సంవత్సరములలో మన ప్రసంగ పీఠములనుండి ‘సమాధానము’ను గూర్చి చాల వినబడినది. మన తెలుగులో ఈ మాటకు రెండు అర్థములు: శాంతి ఒకటి, జవాబు ఒకటి. మా పక్క గదిలో చెప్పుకొన్నదేమనగా, పీఠములు మొదటిదానిని ఇచ్చినవి గాని రెండవదానిని ఇవ్వలేదు. ‘క్రీస్తునందు మనమందరము ఒక్కటే’ అన్న వాక్యము సత్యము. అయితే దానిని ఎప్పుడు పలుకుచున్నామో చూడవలెను. ఒకడు తన కడుపులోనిది చెప్పుటకు నోరు తెరచినప్పుడు ఈ మాట వేయుట, అతని ముఖముమీద తలుపు వేయుటయే. ఏ గొడవయు లేనట్లు కనబడిన సంఘములలో మాట తెగినంతగా, వాదులాడుకొన్న సంఘములలో తెగలేదని మా అభిప్రాయము. ఫీనెహాసు మొదట నిందించినాడని మరచిపోరాదు.

మన పూర్వులకు ఈ విద్య రాకపోలేదు. 1919లో తరంగంబాడిలో కూడిన సంఘ నాయకులు దక్షిణ ఇండియా సంఘ ఐక్యతకు పిలుపిచ్చినారు. డోర్నకల్ అజరయ్య బిషప్ గారు అందులో ముఖ్యులు. తిరునల్వేలి తమిళులైన ఆయన 1909లో నిజాము రాజ్యములోని డోర్నకలుకు వచ్చి, తెలుగు నేర్చి, తెలుగువారికి తండ్రి అయినారు. ఐక్యత 1947 సెప్టెంబరు 27న మద్రాసులో జరిగినది. మధ్యలో 28 ఏండ్లు. బిషప్పుల అధికారమేమి, ఎవరి హస్తనిక్షేపణ చెల్లును అన్న ప్రశ్నలమీద అన్ని ఏండ్లు మాటలాడినారు. అజరయ్యగారు 1945 జనవరి 1న మరణించినారు. ఐక్యతను కన్నులార చూడలేదు. నంద్యాల ప్రాంతపు ఆంగ్లికనులు చాలమంది 1947లో చేరలేదు. వారిని ఎవరూ తరుమలేదు, తలుపు మూయలేదు. తరువాతి కాలమున వారును వచ్చినారు. మన రాష్ట్రపు పెద్దమనుషుల ఒప్పందము ఎన్ని దినములలో కుదిరినదో దీనితో పోల్చి చూచుకొనవచ్చును.

మా పాస్టరేటులో చేసినది చిన్నది. 2016 శ్రమకాల దినములలో శుక్రవారము రాత్రులు, ఒక వారము ఒక వైపు ఇంటిలో, మరుసటి వారము రెండవ వైపు ఇంటిలో కూడినాము. రాష్ట్రము విడిపోవుట తప్పా ఒప్పా అని అడుగవద్దనుకొన్నాము. ‘ఎందుకు’ అని ఒక్క ప్రశ్న. ‘మీవాళ్లు’ అన్న మాట వాడరాదు. మొదటి వారము ఎవరూ ఏమీ చెప్పలేదు, టీ త్రాగి లేచినాము. మూడవ వారము ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు మాటలాడినది. 2011 సకల జనుల సమ్మెలో ఆమె పాల్గొన్నది. అమ్మా, మీరు జీతము పోగొట్టుకొని ఎందుకు పోయినారని అడిగినాము. జీతము సంగతి కాదన్నది. 1978లో ఉద్యోగములో చేరిన తొలి ఏడు, తనిఖీకి వచ్చిన అధికారి ఆమె ‘గిట్ల’ అన్నందుకు పిల్లల ముందర ఆమె తెలుగును దిద్దినాడట. ‘పిల్లలు నవ్విండ్రు. నా క్లాసు పిల్లలు’ అన్నది. అంతే చెప్పినది.

మరు వారము విద్యుత్ శాఖలో గుమాస్తాగా పనిచేసి విరమించిన తెనాలి ప్రాంతపు పెద్దాయన చెప్పినారు. ప్రావిడెంటు ఫండుతో హైదరాబాదు శివార్లలో నూరు గజములు కొని రెండు గదులు వేసికొన్నారు. 2009 డిసెంబరు 9 రాత్రి బాణసంచా మ్రోగుచుండగా దీపములార్పి, భార్య, తాను, మనుమరాలు లోపలి గదిలో కూర్చుండినారు. ఎవరూ గేటు తట్టలేదు, ఎవరూ ఒక్క మాట అనలేదు. ‘అయినా కూర్చున్నామండి’ అన్నారు. అప్పుడు ఆ ఉపాధ్యాయురాలు అడిగినది, ‘పాప ఏం జేసింది?’ అని. పాప నిద్రపోయిందమ్మా అని ఆయన చెప్పినారు.

వీరిద్దరిలో ఎవరి అభిప్రాయమును మారలేదు. రాష్ట్రము విడదీయకుండవలసినదని ఆయన నేటికిని అందురు. యాబది ఏండ్ల ముందే రావలసినదని ఆమె అనును. ఇప్పుడు ఆ మాట ఒకరి ముఖము చూచి ఒకరు అనుకొందురు. ఇంతకు మునుపు వేరు వేరు ఇండ్లలో అనుకొనెడివారు.

ఫీనెహాసు పాలు ఇచ్చెదమన్నాడు గదా, ఆ భాగము మాకు మరింత కష్టమైనది. మా పాస్టరేటు కార్యదర్శి, కోశాధికారి పదవులు రెండును చాల కాలముగా కోస్తా కుటుంబములవారి చేతిలో ఉండెను. లెక్కలు తెలిసినవారు, ఓట్లతోనే గెలిచినవారు, అక్రమమేమియు లేదు. కాని రాష్ట్రములో జరిగినదే ఇక్కడను జరుగుచున్నదని వెనుక బెంచీలలో అనుకొన్నారు. 2017 ఎన్నికకు ముందు కార్యదర్శిగారు ఎవరూ అడుగకుండనే తప్పుకొని, కొత్తగా వచ్చిన తెలంగాణ యువకునికి ఆరు నెలలు రిజిస్టర్లు వ్రాయుట నేర్పినారు. మేము పెట్టిన శుక్రవారపు కూటములన్నిటికంటె ఇది ఎక్కువ పనిచేసినదని ఐదుగురు అన్నారు, నలుగురు ఒప్పుకొన్నారు. ఇక, 2013లో విడిచిపోయిన ఒక కుటుంబము తిరిగి రాలేదు. రెండు మారులు వెళ్లినాము. మర్యాదగా కాఫీ ఇచ్చి పంపినారు.

ఇప్పుడు ముందున్నది నీళ్ల మాట. కృష్ణలో ఉమ్మడి రాష్ట్రపు వాటా 811 టి.ఎం.సి.లు, 2015లో తాత్కాలికముగా ఆంధ్రకు 512, తెలంగాణమునకు 299 అనుకొన్నారు. అది కూడదని తెలంగాణము వాదించగా, పంపకము సంగతి 2023లో ట్రిబ్యునలుకు పోయినది. ఆ ఏడు నవంబరు చివర నాగార్జునసాగరు ఆనకట్టమీద రెండు రాష్ట్రముల పోలీసులు ఎదురెదురుగా నిలిచినారు. రేవులు పట్టుకొనుట ఎట్లుండునో కన్నులార చూచినాము. సాగరు ఎడమ కాలువ నల్గొండ, ఖమ్మము దిక్కు మన రైతుల పొలములు దాటి, కృష్ణా జిల్లా దిక్కుకు పోవును. పైన తూము ఎత్తినవాడు మన సంఘస్థుడు, చివరి భూములలో నీరందక మడి ఎండినవాడు పొరుగు అధ్యక్ష మండలపు సంఘస్థుడు. ఇద్దరును క్రిస్మసుకు అదే కీర్తన పాడుదురు. ఒకరి పొలము ఒకరు చూడలేదు.

అందుచేత వరి కోతలు అయిన తరువాత, పై పాస్టరేటులనుండి పన్నెండుమంది రైతులు కాలువ చివరి గ్రామములకు పోయి రెండు రాత్రులు ఉండునట్లు, మరుసటి మాసము అక్కడివారు ఇక్కడికి వచ్చునట్లు రెండు వైపుల గురువులతో మాటలాడియున్నాము. ఇంజనీర్లను, నాయకులను పిలువలేదు. భోజనము, పడక ఆ గ్రామపు సంఘమువారు చూచుకొందురు. బస్సు చార్జీలు ఎవరివి వారే పెట్టుకొనవలెను. రాదలచినవారు తమ పేర్లను ఈ సభ ముగియకముందే తమ గురువులకు ఇయ్యవలెనని కోరుచున్నాము. స్త్రీలు కూడ రావచ్చును. మడిలో నీళ్లు లేవని మొదట తెలియునది నాట్లు వేయు వారికే గదా.